జంగ్లీఘాట్‌లో మంచు గొలుసులు

మా పక్కింటి మావయ్య పోయారన్న కబురు నాకు హిమాచల్‌లో, నేను ఉద్యోగం చేసే కొండ ఊళ్లో అందింది. ఫోన్‌లో అమ్మ ఏడవలేదు. "పొద్దున వేన్ తుడుస్తా అలగే కూకుండిపోనాడే. గుండెపోటంటన్నారు. అత్త నీకోసం ఆపమంటంది, బేగి రా" అంది. వెంటనే బయలుదేరాను. కానీ నేను పోర్ట్ బ్లెయిర్‌లో దిగేసరికి దహనం అయిపోయింది, అస్థికలు కూడా సముద్రంలో కలిపేశారు. మంచు వల్ల రాలేకపోయానని అందరూ అంటున్నారు. అది నిజం కాదు. అది నిజం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన మాకు రక్తసంబంధం కాదు. అమ్మ భయ్యా అని పిలిచేది, నాకు మావయ్య అయ్యారు. సైన్యంలో మంచు కొండల మీద లారీ నడిపి, విశ్రాంతి తీసుకునే వయసులో పోర్ట్ బ్లెయిర్‌లోని మా జంగ్లీఘాట్ వచ్చి, టూరిస్టులను వండూర్ బీచికి తీసుకెళ్లే పాత వేన్ ఒకటి నడిపారు. మాది వలల ఇల్లు. బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. కొండల్లోని ఆసుపత్రిలో లాబ్ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చిందనగానే అందరూ పెళ్లెప్పుడు అన్నారు, చలికి చస్తావన్నారు, అక్కడ చేపలు దొరకవన్నారు. ఊరూరూ తిరిగి రక్తం నమూనాలు తేవాలని, అందుకు పాత కారొకటి కొనుక్కుంటున్నానని చెబితే మావయ్య ఒక్కరే పనికొచ్చే ప్రశ్న వేశారు. "టైరు మీద నంబరెంతో సూసి సెప్పు బేటీ."

నాకు బండి నేర్పింది వండూర్ దగ్గర ఇసుక దారిలో. "ఇసకైనా మంచైనా ఒకటే. బ్రేకు మీద కాలెయ్యకు. గేరు దించు, బండే తగ్గుద్ది" అనేవారు. చలికాలం ముందు ప్రతి ఏడాదీ ఫోన్ చేసి పాఠం అప్పజెప్పించుకునేవారు. గడ్డకట్టని కూలెంట్ పోయించావా. బ్యాటరీ చూపించావా. రాత్రి వైపర్లు అద్దానికి అంటుకోకుండా లేపి పెడుతున్నావా. హ్యాండ్ బ్రేకు వేస్తే బిగుసుకుపోతుంది, గేరులో ఆపి చక్రం కింద రాయి పెట్టు. డిక్కీలో పార, గోనెసంచి, దుప్పటి, వేయించిన శనగలు. డీజిల్ గడ్డకడుతుంది జాగ్రత్త అని కూడా అనేవారు. "నాది పెట్రోలు మావయ్యా" అంటే, "అయితే ఏటి, పెట్రోలుకి సలెయ్యదా?" అనేవారు. అద్దం కడిగే నీళ్లలో ఉప్పు కలపమన్నది కూడా ఆయనే. కలిపాను. నీళ్లు చిమ్మే గొట్టం పూడుకుపోయింది. ఆ మాట చెబితే, "ఆడ ఉప్పు మంచిది కాదు" అన్నారు తప్ప తన తప్పని ఒప్పుకోలేదు.

కిందటి సెలవుకు వచ్చినప్పుడు ఆయన నాకోసం మంచు గొలుసులు చేయించారు. చక్రానికి నిచ్చెనలా చుట్టుకునే గొలుసుల జత. పడవలు బాగుచేసే షెడ్డులో కూర్చుని, లంగరు గొలుసు కోయించి, అడ్డు గొలుసులు అతికించి, తన వేన్ ముందు చక్రాలకు కొలత చూశారు. నా కారుదీ, ఆ వేన్‌దీ ఒకే టైరు. వాటితోనే వండూర్ ఇసుకలో తిప్పితే ఆటోవాళ్లు ఆగి చూశారు.

"ఏటి భయ్యా, బండికి పట్టీలెట్టినావు, షాదీ ఎప్పుడు?"

"నవ్వండ్రా. ఈ పట్టీల సప్పుడు మా పిల్లగుంట మంచులో ఇంటాది" అన్నారు మావయ్య.

విమానంలో అంత బరువు తీసుకెళ్లలేను. అందుకని షిప్పులో పంపమని తన తమ్ముడి కొడుక్కి అప్పగించారు. నాకు వరసకు బావ. జెట్టీలో సరుకు ఎక్కించే పని అతనిది. కొన్నాళ్లకే "పంపేసినాను పెదనాన్నా" అన్నాడట. మావయ్య ఫోన్ చేసినప్పుడల్లా "అందినాయా?" అని అడిగేవారు. దారిలో ఉన్నాయేమో అనేదాన్ని. వస్తున్నాయి కదా అని అక్కడ వేరే కొనలేదు.

కబురు తెలిసిన రోజు కనుమ దారి మీద బస్సులు ఆపేశారు. గొలుసులున్న కార్లను మాత్రం వదులుతున్నారు. గేటు దగ్గర పోలీసు కిందికి వంగి నా చక్రాలు చూశాడు. "చైన్ కహా హై, మేడం?" అన్నాడు. ఊళ్లో దుకాణంలో నా కొలతవి అయిపోయాయి. తిరిగి క్వార్టర్‌కు వచ్చి, ఆయన నేర్పినట్టే వైపర్లు లేపి పెట్టి, చక్రం కింద రాయి పెట్టి, దారి తెరిచేదాకా కూర్చున్నాను. ఇక్కడ అత్త ఆయన్ని ఆసుపత్రి ఐసుపెట్టెలో ఉంచి ఎదురుచూసింది. ఎంతకని ఆపుతారు?

ఇంటికొచ్చాక చుట్టాల మాటలు విన్నాను. "ఆయనే కదా దాన్ని మంచులోకి తోలేసినాడు. ఆ మంచే ఆకరి సూపుకి రానివ్వలేదు" అని ఒకరు. "సముద్రం ఒడ్డున మంచు గొలుసులంట, మతి తప్పిన మనిషి" అని ఇంకొకరు, ఆయన ఫొటో ముందే కాఫీ తాగుతూ.

గొలుసులు ఏ షిప్పులో ఎక్కించాడో అడుగుదామని మర్నాడు జెట్టీకి వెళ్లాను. సముద్రం వెనక్కి తగ్గి ఉంది. బావ డోంగీ పడవ లంగరు తాడు చివర నిచ్చెనల్లాంటి గొలుసులు రెండూ ఒకదానికొకటి కట్టి ఉన్నాయి. నత్తలు పట్టేశాయి.

"ఇవి షిప్పెక్కినాయన్నావు."

బావ నవ్వబోయి ఆగాడు. "అరే, ఆడ దుకాణాల్లో దొరకవేటి? చాదస్తం కొద్దీ సేసినాడని... ఈడ లంగరుకి పనికొస్తాయి కదా."

"ఆయన ఎన్నిసార్లు అడిగారు నిన్ను?"

"రోజూ అడిగేవోడు."

"రోజూ ఏం చెప్పావు?"

బావ వంగి లంగరు తాడు ముడి విప్పసాగాడు.

"నన్ను ఆపింది మంచు కాదు బావా. ఇవి ఇక్కడ నీళ్లలో ఉండటమే. ఈ మాట ఇంట్లో అందరి ముందూ నువ్వే చెప్పాలి."

చెప్పాడు. తల దించుకునే చెప్పాడు. కాఫీలు తాగినవాళ్లు అప్పుడు ఎవరి గ్లాసు వాళ్లు చూసుకున్నారు. అతన్ని క్షమించానని రాయడం లేదు. పెద్ద మనసు చేసుకోమని నాకు చెబుతున్న వాళ్లలో ఒక్కరు కూడా, గొలుసులు పంపావా అని మావయ్య రోజూ అడుగుతున్నప్పుడు ఆ సంగతి కనుక్కుని ఆయనకు చెప్పలేదు. నవ్వడం అందరికీ సులువైంది. ఒక చదువుకున్న పిల్ల ఉద్యోగాన్ని టైరు నంబరు దాకా పట్టించుకోవడం మతి తప్పడమైతే, ఈ వీధిలో మతి ఉన్నవాళ్లు నాకోసం ఏం చేశారో చెప్పమనండి.

ఈసారి నేను షిప్పులో వెళ్తున్నాను, గొలుసులు నాతోనే వస్తాయి. నత్తలు గీకి, నూనె రాసి, నిన్న సాయంత్రం ఆయన వాకిట్లో పరిచాను. మెలికలు పోయేదాకా నేల మీద పరిచి, అప్పుడే చక్రం ఎక్కించాలి. రెండో కొస బావ పట్టుకున్నాడు, నేను పిలవకుండానే. వేన్‌కు బిగించి, వానకు తడిసిన వాకిట్లో వీధి దాకా ముందుకు, మళ్లీ వెనక్కి నడిపాను. ఒక్క లంకె జారలేదు.

ఈ పొద్దున అత్త వాకిలి ఊడుస్తుంటే గుమ్మంలోంచి చూశాను. బురదలో నిచ్చెనల్లాంటి అచ్చులు రెండు, వేన్ దగ్గర మొదలై వీధి దాకా ఉన్నాయి. అత్త వాటి దాకా వచ్చింది. చీపురు పక్కకు తిప్పుకుని, మిగిలిన వాకిలంతా ఊడ్చింది.