దంతపు పిడి, నగర్తపేట అత్త

మా మేనత్త పోయిందని పోయిన నెలలో ఒక ఉదయం ఆమె కోడలు ఫోన్ చేసింది. "అత్తమ్మ లేదన్నా. కాఫీ తాగి పేపర్ పట్టుకొని కూర్చునింది. అట్లే పక్కకి వాలిపోయింది" అని ఏడ్చింది. నేను హొసకోటెలో పళ్ల డాక్టరును. వచ్చిన పేషెంట్లను మరో రోజు రమ్మని చెప్పి, క్లినిక్ మూసి బయలుదేరాను.

ఆమెకు నగర్తపేటలో పాత వస్తువుల అంగడి ఉండేది. మామ పోయాక దాన్ని అమ్మేయమని చుట్టాలంతా చెప్పినా వినలేదు. జనం ఇత్తడి దీపాలకూ గోడ గడియారాలకూ వచ్చేవారు. ఆమెకు ఇష్టమైనవి మాత్రం పాత కత్తులు, బాకులు. తొంభైల్లో నేను డెంటల్ కాలేజీలో చదువుతున్నన్నాళ్లూ ఆమె ఇంట్లోనే ఉన్నాను. సెలవు రోజుల్లో అంగట్లో కూర్చునేవాణ్ణి.

ఆ వ్యాపారంలో అసలు చిక్కంతా పిడితోనే. ఎముకతోనో, గేదె కొమ్ముతోనో, కొయ్యతోనో చేసిందైతే అమ్మవచ్చు. ఏనుగు దంతమైతే, ఎంత పాతదైనా మన దేశంలో అమ్మకూడదు, కొనకూడదు. ఏళ్ల తరబడి చేతుల్లో నలిగాక దంతమూ ఎముకా ఒకే రకం పసుపులో కనిపిస్తాయి. అత్త బాకును గడపలోకి, వెలుతురులోకి తెచ్చి, మెత్తని గుడ్డతో తుడిచి, భూతద్దం పెట్టి చాలాసేపు చూసేది. ఎముకలో పిన్నుతో గుచ్చినట్టు సన్నని నల్లచుక్కలు ఉంటాయి. దంతాన్ని అడ్డంగా కోసిన చోట వంపు గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ వల అల్లినట్టు కనిపిస్తాయి. అవి మొదటిసారి నాకు చూపించి, "ఇది కూడా పన్నే కదప్పా, నీ చదువులో వచ్చేదే" అని నవ్వింది. కొందరు వ్యాపారులు సూది కాల్చి గుచ్చి చూసేవారు. ఆమెకు అది గిట్టేది కాదు. "ఇన్నేండ్లు బతికి వచ్చిన వస్తువుకి వాత పెట్టేదేంది? చూసేదానికి కండ్లు ఉండాయి కదా" అనేది.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. కాదని చెప్పాల్సి వస్తే ముందు మనిషిని కూర్చోబెట్టేది, కాఫీ తెప్పించేది. "చెడ్డ మాట నిలబెట్టి చెప్పకూడదప్పా" అనేది.

వర్తూరు నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చిన రోజు నేనూ అంగట్లో ఉన్నాను. అప్పటికి నాకు క్లినిక్ ఉంది, ఆదివారం కావడంతో అత్తను చూడ్డానికి వెళ్లాను. భర్త రిటైరైన బస్సు కండక్టరు. భార్యకు గుండెలో వాల్వు మార్చాలన్నారు. మెట్టు ఎక్కితే ఆయాసం. ఆయన సంచిలోంచి ఎర్రగుడ్డలో చుట్టిన బాకు తీశాడు. తాతగారిదట, ఏటా ఆయుధపూజలో పెట్టేవారట. అలుగు మీద, అంటే కోసే ఉక్కు రేకు మీద, నీటి అలల్లాంటి చారలు. అంత మంచి ఉక్కు అరుదుగా దొరుకుతుంది. దాని గురించి ముందే విని, కొనడానికి హొసకోటె వైపు ఫామ్‌హౌస్ కట్టుకున్న ఒకాయన సిద్ధంగా కూర్చుని ఉన్నాడు.

అత్త వెలుతురులోకి వెళ్లి పిడి కొస చూసింది. మళ్లీ చూసింది. నాకు అందించింది. ఆ గీతలు నాకూ కనిపించాయి.

లోపలికి వచ్చి కాఫీ తెప్పించింది. ఆ భార్య తాగేదాకా ఆగి, "ఇది దంతమప్పా. అమ్మేదానికి లేదు" అంది.

ఫామ్‌హౌస్ ఆయన తేలిగ్గా నవ్వాడు. "మేడం, బిల్లులో బోన్ అని రాసేయండి. ఎవరు చెక్ చేస్తారు? వాళ్లకు ఆపరేషన్ అవుతుంది, నాకు పీస్ దొరుకుతుంది."

"వస్తువు పాతదే సార్. ఏనుగు చచ్చింది కూడా నిజమే కదా" అంది అత్త. "నేను రాయను."

ఆయన వెళ్లిపోయాడు. కండక్టరు ముఖం చూడలేకపోయాను. ఆయన భార్య మాత్రం సూటిగా అడిగింది. "మీరు కాకపోతే ఇంకొకరు రాసిస్తారు. అప్పుడు మీ మనసుకి బాగుంటుందా?"

అత్త ఆమె పక్కన బెంచీ మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. "పట్టుబడితే ఈయప్పను జైల్లో పెడతారమ్మా. అప్పుడు నీ పక్కన ఆస్పత్రిలో ఎవరు ఉంటారు? నాకు కొంచెం టైమియ్యి."

ఇళ్లలో ఉన్న దంతపు వస్తువులను చూపించి నమోదు చేయించుకోమని ప్రభుత్వం గడువు ఇచ్చిన రోజులవి. మర్నాడు అత్త అంగడి తెరవలేదు. కండక్టరును వెంటబెట్టుకొని అటవీశాఖ ఆఫీసుకు వెళ్లింది. అక్కడ అన్నీ అడిగి తెలుసుకుని, అంగడికి తిరిగొచ్చాక ఆయనకు విడమరిచి చెప్పింది: పిడిని ఆయన పేర నమోదు చేయించి ఇంట్లోనే ఉంచుకోవాలి. అలుగును విడదీసి, అది మాత్రమే అమ్మాలి.

"విడదీసేదా?" అన్నాడాయన. "మా తాత పట్టుకున్న పట్టు అది."

"పట్టు మీ ఇంట్లోనే ఉంటుందప్పా. పొయ్యేది ఇనుమే."

అలా చెప్పిందే గానీ, ఆ పని ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు. పాత వస్తువులోంచి చిన్న మేకు తీసినా ఊరుకునేది కాదు. ఆఫీసులో పిడిని కొలిచి, ఫొటోలు తీసి, ఒప్పుకున్నాక, అంగడి వెనక సందులోని కమ్మరి దగ్గరికి వెళ్లాం. పిడిలోకి దిగిన ఉక్కును పాతకాలంలో లక్కతో బిగించారు. ఆయన దంతానికి తడిగుడ్డ చుట్టి, ఉక్కును మెల్లగా వేడి చేశాడు. కాసేపటికి లక్క వాసన వచ్చింది. అత్త తానే పట్టుకుని లాగింది. అలుగు ఒక చేతిలోకి, పిడి ఇంకో చేతిలోకి వచ్చాయి. ఆమె కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక, ముఖం భుజానికి ఆనించుకుంది.

ఒట్టి అలుగుకు ఫామ్‌హౌస్ ఆయన ఇస్తానన్నంత రాలేదు. కానీ నీటి చారల ఉక్కు గురించి తెలిసిన ఒక మైసూరు మనిషి మంచి ధరకే కొన్నాడు. మిగిలింది వాళ్ల చుట్టాలు సర్దారు. ఆపరేషన్ జరుగుతున్నప్పుడు అత్త ఆస్పత్రి వరండాలో కండక్టరు పక్కనే కూర్చుంది. ఆ తర్వాత అంగట్లో ఒకటి రెండుసార్లు నాతో, "తప్పు చేసినానేమోప్పా. అంత చక్కని బాకు" అంది. ఆ మాట అన్నాక అడక్కుండానే తనే, "కాదులే" అనేది.

ఆ రోజు నేను చేరేసరికి ఇల్లు నిండిపోయి ఉంది. నగర్తపేట అంగళ్లవాళ్లు షట్టర్లు సగానికి దించి వచ్చారు. కాసేపటికి తలుపు దగ్గర జనం పక్కకు జరిగారు. వర్తూరు కండక్టరు, ఆయన భార్య లోపలికి వచ్చారు. ఆమె మెట్లు ఎక్కి వచ్చినా ఆయాసపడటం లేదు. అత్త పాదాల దగ్గర నేల మీద కూర్చుంది. అత్త చీర అంచు చీలమండ పైకి జరిగి ఉంటే కిందికి లాగింది. కుచ్చెళ్లను ఒక్కొక్కటిగా వేళ్లతో సవరించింది. అవి సరిగ్గా కుదిరినా చెయ్యి తియ్యలేదు. అందరూ మోయడానికి లేచేదాకా, అలా సవరిస్తూనే ఉంది.