చేపల పెట్టెతో చేసిన విమానం

ఇంజనీరింగ్ అయిపోయాక మా అక్క పైలట్ శిక్షణకు వెళ్తానంది. ఇంట్లో ఏడుపులూ, అన్నం మానేయడాలూ ఉంటాయని నేను ఎంతో ఆశపడ్డాను. కొల్లేటి అంచున చేపల చెరువులు చేసే మా నాన్నగారు మాత్రం పెరుగన్నం కలుపుకుంటూ ఒకే మాట అడిగారు.

"దానికి గెడ ఎక్కడుంటుందమ్మా?"

ఆయన దోనె మీద పెరిగిన మనిషి. లోతు లేని నీళ్ళలో గెడ గుచ్చి తోస్తే పడవ కదులుతుంది, తిరుగుతుంది, ఆగుతుంది. గాలిలో గుచ్చడానికి అడుగెక్కడుంది? ఏదీ ఆనని చోటికి కూతుర్ని ఎలా పంపేది? ఆ సంగతి ఆయనకు నమ్మకం కుదిరితేనే అక్క ప్రయాణం, లేకపోతే లేదు.

అక్క కంచంలోని అప్పడాన్ని పైకెత్తి రెక్క చేసింది.

"రెక్కల వెనక కదిలే రేకులుంటాయండి. ఒకటి లేచి ఇంకోటి దిగితే విమానం పక్కకి ఒరుగుతుంది. తోక మీద అడ్డంగా ఉన్న రేకు ముక్కుని ఎత్తుతుంది, దించుతుంది. నిలువుగా ఉన్నది మన పడవ చుక్కానిలాంటిదండి."

"అన్ని విమానాలూ ఒకటేనా?"

"కాదండి. ఒక ఇంజనువి, ఎక్కువ ఇంజన్లవి, నీళ్ళ మీద దిగేవి... ముందు ఒక ఇంజనుది నేర్పుతారు. పెద్దవాటికొచ్చేసరికి ఒక్కో రకానికీ మళ్ళీ విడిగా నేర్చుకోవాలి."

"అంటే ట్రాక్టరు తోలేవాడు లారీ ముట్టుకోకూడదా?"

"కూడదండి."

"ఆ లెక్కన మన రోడ్డు మీద ఒక్క బండీ తిరగదు," అన్నారు నాన్నగారు. ఈలోగా రెక్కని నేను తినేశాను. పాఠం ఆగిపోయింది.

"మాటలొద్దమ్మా. మన చెరువు మీద ఒకటి ఎగరేసి, క్షేమంగా దింపి చూపించు. అప్పుడు చూద్దాం."

మోటారూ రిమోటూ అక్క కాలేజీ స్నేహితులు ఇచ్చారు. విమానం ఒళ్ళంతా థర్మాకోల్. ఐసు వేసి చేపలు పంపే పెట్టెలు మా ఇంట్లో కుర్చీల కన్నా ఎక్కువ. అక్క ఒకదాన్ని సబ్బుతో రుద్ది, ఎండబెట్టి, కోసి విమానం చేసింది.

తాడేపల్లిగూడెంలో పాత రన్‌వే ఒకటుంది. ఇప్పుడక్కడ జనం పొద్దున్నే నడుస్తారు, కారు నేర్చుకునేవాళ్ళు వాళ్ళని పరిగెత్తిస్తారు. ముందు పరీక్షగా ఎగరేస్తే మా విమానం అక్కడ బుద్ధిగా ఎగిరింది. "ఏవండీ, ఇది హైదరాబాదు వెళ్తుందా?" అని ఒక పెద్దాయన అడిగితే, "తణుకు దాకానేనండి," అన్నాను.

తీరా మా చెరువు దగ్గరకు తెచ్చేసరికి పక్క చెరువులో చేపల పట్టుబడి జరుగుతోంది. వలలు లాగుతున్నారు, పైన గద్దలు తిరుగుతున్నాయి. నాన్నగారు గట్టు మీద గొడుగేసుకుని జడ్జిగారిలా కూర్చున్నారు. అక్క రిమోటు పట్టుకుంది, నేను విమానాన్ని చేత్తో విసిరాను. అది లేచి, ఒరిగి, చెరువు చుట్టూ తిరిగింది. నాన్నగారి గొడుగు కాస్త వెనక్కి వాలింది.

అప్పుడు ఒక గద్ద వచ్చి రెక్క పట్టుకుంది.

పెట్టెకి వాసన పోలేదన్నమాట. మా ఇంట్లో చేపల వాసన ఎవరికీ తెలియదు. పుట్టినప్పటి నుంచి అందులోనే ఉన్నాం. కొరికి చూసి, రుచి నచ్చక గద్ద వదిలేసింది గానీ, ఆ పెనుగులాటలో ముందున్న పంకా విరిగింది. విమానం ముక్కు పైకెత్తి, గాలిలో దాదాపు ఆగిపోయింది.

"ఎత్తమ్మా, పైకెత్తు!" నాన్నగారు గొడుగు వదిలేసి లేచారు.

"ఎత్తండమ్మా!" వలల దగ్గర నుంచి అందరూ. నేనూ అరిచాను.

అక్క ముక్కుని కిందికి దించింది. విమానం నీళ్ళకేసి దూకింది. నాన్నగారు తువ్వాలు కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు. నీళ్ళ మీద కొద్ది ఎత్తులో అది సమంగా నిలిచి, జారుకుంటూ వచ్చి గట్టు మీది గడ్డిలో పొట్ట ఆనించి ఆగింది.

ఆయన తువ్వాలు దించి అడిగారు. "నేను ఎత్తమంటే దించావేంటమ్మా?"

"వేగం ఉంటేనే గాలి రెక్కని మోస్తుందండి. ఎత్తితే ఉన్న వేగం కూడా పోయి రాయిలా పడేది. దించితే వేగం వచ్చింది. వేగం వచ్చాక రేకులు చెప్పినట్టు విన్నాయి."

"ఇంతమందిమి అరిస్తే కంగారు పడలేదా?"

"వినపడలేదండి."

నాన్నగారు గొడుగు తీసుకుని దులిపారు.

"ఆయ్. నేను చెప్తే నువ్వెప్పుడు విన్నావు కనుక! ఆ గుణం గాలిలో అయినా పనికొచ్చేలా ఉంది. వెళ్ళిరామ్మా."

అక్క కళ్ళు తుడుచుకుంది. చివరికి ఒక ఏడుపు దొరికిందని నేను సంతోషించేలోపు ఆయన నా వైపు తిరిగారు.

"నువ్వెందుకు అరిచావురా?"

"అందరూ అరుస్తున్నారని నాన్నగారూ."

"అయితే నువ్వు ఏలూరెళ్ళి అందరితో పాటు బ్యాంకు కోచింగులో చేరు."