మండపానికి నేను పూయించిన సిమెంటు

నిన్న పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసు చెబుతుంటే ఫోన్. "యాదగిరి మేస్త్రి పోయిండు సార్. హార్ట్ ఎటాక్. దవాఖానకు తీస్కపోయే లోపే..."

చాక్‌పీస్ పట్టుకుని అలాగే నిలబడిపోయా.

ఆయన తెలియని ఫ్రెండ్స్ కోసం చెబుతున్నా.

మన్సూరాబాద్‌లో మా కాలనీ వెనక చిన్న గుడి, దానికో పాత మండపం ఉన్నాయి. పైకప్పు అంచున సున్నంతో తీర్చిన చిలకలు, తీగలు. యాదగిరన్న తాత చేతి పని అది.

నేను గుంటూరు వైపు వాణ్ని. మా వైపు గుడికి పెచ్చులూడితే ఊరికి అరిష్టం అంటారు. బాగు చేయించడమంటే అంతా కొత్తగా మెరిసిపోవాలి. పైగా గుడి కమిటీ సెక్రటరీని, ఇంకేం! ముహూర్తం పెట్టించేసి, పని యాదగిరన్నకే చెప్పా.

"సారూ, గానుగల రుబ్బిన డంగు సున్నం నెల నానాలె. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపాలె. జర ఆగుండ్రి" అన్నాడు అన్న.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఎప్పుడు చూసినా బంద్. అన్నేమో ఎల్బీనగర్ చౌరస్తాలో, రోడ్డు మీదే వండి నిరసన తెలిపే వంటావార్పు దగ్గర కూర్చునేవాడు. ముహూర్తం ముంచుకొస్తోంది, నాకు ఒళ్లు మండింది.

కూలీల అడ్డా మీద నుంచి ఇద్దరిని పట్టుకొచ్చి మూడు రోజుల్లో సిమెంటు పూయించేశా. పైన పసుపు ఎనామిల్ రంగు.

చిలకలన్నీ లోపలికి పోయాయి.

అందరూ "అదిరింది సార్" అన్నారు. నేనూ మురిసిపోయా, సిగ్గులేకుండా.

అన్న వచ్చి చూస్తుంటే నేనే ముందు ఎగిరా. "మీరు రోడ్డు మీద కూర్చుంటే దేవుడి పని ఎవరు చేస్తారు అన్నా?"

ఆయన గొంతు పెంచలేదు.

"గిదే సారూ మా లొల్లి. మాదాన్ని మమ్మల్ని అడగకుంట మీరే బాగుజేస్తరు."

సిమెంటు లోపలి తడిని బయటికి పోనివ్వలేదు. రెండో వానాకాలానికి పెచ్చు మొత్తం ఊడిపడింది, చిలకలతో సహా. అన్న గోనెసంచి తెచ్చుకుని ముక్కలు ఏరుకున్నాడు.

నేను పక్కనే ఉన్నా. ఒక్క సారీ చెప్పలేకపోయా. సెక్రటరీని కదా, పరువు!

నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లా. వదిన నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "తెలంగాణ ఒచ్చినంక ఆ మండపం మల్ల జేస్తనంటుండె సార్."

తెలంగాణ ఇంకా రాలేదు. ఆయన పోయాడు. ఆ పని నేర్చుకున్నవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని అడిగా. లేరంది.

ఇవాళ పొద్దున అంత్యక్రియల దగ్గరే కమిటీలో ఒకాయన నా చెవిలో అన్నాడు. "సార్, ఎలాగూ పాడైంది కదా. ఈసారి మండపానికి గ్రానైట్ వేయించేద్దామా?"

వద్దనే మనిషి పాడె మీద ఉన్నాడు.

వద్దనడానికి నాకు మొహం లేదు.

వెళ్లు యాదగిరన్నా. నీ తాతని కలిస్తే ఈ పాపం ఎవరిదో నా పేరు పెట్టే చెప్పు. నువ్వు మాత్రం ప్రశాంతంగా ఉండు.