రాజేశం నిద్రపోలేదు

ముందు ఒక్క సంగతి తేల్చేసుకుని తర్వాత మిగతాది చెప్పుకుందాం. రాజేశం నిద్రపోలేదు. ముప్పై మూడేళ్లుగా భివండీలో మరమగ్గాలు నడుపుతున్న ఆ మనిషి, పని మీద ఉండగా ఒక్క కునుకు తీసిన పాపాన పోలేదు. ఆరు లక్షల మంది ఫోన్లలో చూసి నిద్రపోయాడన్నారు. అంతమంది అన్నారు కదా అని లేని నిద్ర వచ్చి కూర్చుంటుందా?

సిరిసిల్ల పక్క పల్లె నుంచి పంతొమ్మిదో ఏట మేనమామ వెంట వచ్చాడు రాజేశం. మొదటి ఏడాదంతా నూలు కండెలు చుట్టాడు. రెండో ఏట రెండు సాంచాలు చేతికిచ్చారు. మరమగ్గాన్ని అక్కడ మనవాళ్లు సాంచా అనే అంటారు. రెండు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. ఇప్పుడు గైబీ నగర్‌లో కాశీనాథ్ సేటు కార్ఖానాలో పొద్దున ఎనిమిదికి ఎక్కితే రాత్రి ఎనిమిదికి దిగుతాడు.

ఆ కార్ఖానాలో ముప్పై రెండు సాంచాలు ఒకేసారి కొట్టుకుంటూ ఉంటాయి. అక్కడ గొంతు చించుకుని అరిచినా పక్కవాడికి చేరదు. అందుకే లోపల ఎవరూ అరవరు. పెదవులు నిదానంగా కదిలిస్తారు, ఎదుటివాడు మూతి చూసి మాట పట్టుకుంటాడు. బీము మీద నూలు అయిపోయిందనీ, టీ వచ్చిందనీ, మీ ఆవిడ ఫోన్ చేసిందనీ అన్నీ అలాగే. బయటివాళ్లు చూస్తే చేపలు నోళ్లు తెరిచినట్టు ఉంటుంది. ఇన్నేళ్ల మోతకు రాజేశం కుడి చెవి దాదాపు పోయింది. చెవి పోయినా చెయ్యి ఉంది. సాంచా చట్రం మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని రెండు నిమిషాలు నిలబడ్డాడంటే, ఏ సాంచాలో దెబ్బ తేడాగా పడుతున్నదో చెప్పేస్తాడు. కళ్లు తెరిచి ఉంటే పోగును మోసుకుని ఎనిమిది నాడెలు కళ్ల ముందు అటూ ఇటూ ఉరుకుతుంటాయి, చేతి మీద ధ్యాస నిలవదు. అందుకని మూసుకుంటాడు. ఈ సంగతి గైబీ నగర్‌లో పిల్లలకు కూడా తెలుసు.

తెలియనివాడు ఒక్కడే, హరీశ్. కాశీనాథ్ సేటు అన్న కొడుకు. పుణేలో చదువుకున్నాడు. కార్ఖానా గడప తొక్కేది దసరా పూజకే. అతనికి ఫోన్‌లో ఒక చానల్ ఉంది, రోజుకో అభిప్రాయం. వంతెన మీద టోలు ఎందుకు, మనుషుల బదులు యంత్రాలు వస్తే తప్పేమిటి, ఫలానా పార్టీ ఓడిపోవాలా వద్దా. ఆయనగారికి అభిప్రాయం లేని విషయం భూమ్మీద లేదు. తెలియని విషయాలు మాత్రం బోలెడు ఉన్నాయి, వాటి మీద అభిప్రాయాలు ఇంకా గట్టిగా ఉంటాయి.

ఆ రోజుల్లో మరమగ్గాలకు కరెంటు రాయితీ ఉంచాలా తీసేయాలా అని ఫోన్లలో పెద్ద రభస నడుస్తున్నది. హరీశ్ కార్ఖానాకు వచ్చి నాలుగు మూలలా వీడియో తీసుకుని పోయాడు. మర్నాడు చానల్‌లో పద్నాలుగు సెకన్ల ముక్క పెట్టాడు. రాజేశం సాంచా మీద చెయ్యి ఆనించి, తల కొంచెం వాల్చి, కళ్లు మూసుకుని ఉన్నాడు. పైన హిందీలో పెద్ద అక్షరాలు: ‘మన పన్నుల డబ్బు ఇక్కడ నిద్రపోతోంది.’

రాజేశానికి చూపించింది కూతురు ప్రాజక్త. అంజూర్ ఫాటాలో ఒక గోదాములో కంప్యూటర్ మీద పనిచేస్తుంది. మరాఠీ బడిలో చదివిన పిల్ల, కోపమొస్తే మరాఠీ ముందు వస్తుంది.

"బాపూ, హే బఘ్, ఇటు చూడు. ఇది నువ్వే గదా?"

రాజేశం కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. రెండోసారి చూశాడు. వెంటనే ఆ రోజు గుర్తొచ్చింది.

"గిది ఆరో సాంచా తోలుపట్టీ తెగవోయిన రోజు బిడ్డా. నేను పోయి ఆపిన గద. గది ఏది? గిండ్ల లేదేంది?"

నాడెను అటూ ఇటూ విసిరే పట్టీ అది. తెగితే నాడె తుపాకీ గుండులా ఎగిరి ఎదురుగా ఉన్నవాడి ముఖాన తగులుతుంది. ఆ రోజు ఎదురుగా ఉన్నవాడు పక్క సాంచాల భూషణ్. రాజేశం కళ్లు తెరిచి, గబగబా నడిచి వెళ్లి సాంచా ఆపేశాడు. పట్టీ పోగు మీద వేలాడుతున్నది. పద్నాలుగో సెకను తర్వాత జరిగింది అదంతా. హరీశ్ దాన్ని కత్తిరించి పారేశాడు.

కింద వాదన సాగుతున్నది. ప్రాజక్త చదివి తెలుగులో చెప్పింది. ఇలాంటి సోమరులకు రాయితీ దండగ అన్నాడొకడు. నెత్తి మీద కెమెరా పెట్టి, కళ్లు మూస్తే జీతం కోసే యంత్రం ఉందన్నాడు ఇంకొకడు. పార్టీలవాళ్లు దూరి ఒకరి నాయకుణ్ని ఒకరు తిట్టుకున్నారు. అంతవరకు రాజేశం ఓర్చుకున్నాడు. లోకంలో నోరు పారేసుకునేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఒళ్లు మండింది జాలి పడ్డవాళ్లను చూసి. ‘పాపం, పన్నెండు గంటల పని. నిద్రపోక ఏం చేస్తాడు’ అని ఒకావిడ రాసింది. దానికి తొమ్మిది వేల మంది హృదయం బొమ్మలు పెట్టారు.

"తిట్టెటోడు పండుకున్నడంటడు, అయ్యో అనెటోడు గూడ పండుకున్నడనే అంటడు. పండుకున్నవా అని అడిగినోడు ఒక్కడన్న ఉన్నడా గిండ్ల?"

ప్రాజక్త వేలితో పైకీ కిందికీ జరిపి వెతికింది. లేడు.

"ఇంట్లనే సక్కగ పండుకోడు ఈ మనిషి, కార్ఖానల పండుకుంటడా?" అంది భార్య శాంతాబాయి, రొట్టె తిప్పుతూ. నవ్వించడానికే అంది. రాజేశం నవ్వలేదు.

మూడో రోజు సేటు తన గదిలోకి పిలిచాడు. పక్కన హరీశ్ ఉన్నాడు. కాశీనాథ్ సేటు పుట్టుకతో సేటు కాడు. తండ్రి దగ్గర నాలుగు సాంచాలే ఉన్న కాలంలో తనూ వాటి మీద నిలబడ్డవాడే. చేత్తో వినడం ఆయనకు నేర్పింది రాజేశమే.

"రాజేశం, నువ్వు పండుకోలేదని నాకు ఎర్కనే" అన్నాడు సేటు, బల్ల మీద కాగితాలు సర్దుతూ. "గని కార్ఖానల మాలకుల మీటింగుల అందరు నన్నే బద్నాం జేస్తున్నరు. నీ కార్ఖానా వల్లనే రాయితీ పోతదంటున్నరు. ఒక్క పది సెకన్లు ఫోన్ల మాట్లాడు. జొరమొచ్చి కన్నంటుకున్నదను. మాఫీ అడుగు. ఖతం."

"జొరం రాలే గద సేటూ."

"అరే, వచ్చిందనుకో."

హరీశ్ రాజేశం వైపు వంగాడు. "కాకా, మాఫీ అడిగినోన్ని పబ్లిక్ ఎత్తుకుంటది. నీకే ఫాయిదా."

"నువ్వు కోసేసిన తుకడా పెట్టరాదు హరీశ్? అండ్ల నేను నడిసిపోయేది ఉన్నది గద."

"అది పెడితే నేను అబద్ధం చెప్పినట్టు అయితది కాకా. చానల్ పేరు పోతది."

చూశారా న్యాయం! కుర్రవాడి చానల్ పేరు పోకూడదట, ముప్పై మూడేళ్ల పనివాడి పేరు పోయినా ఫరవాలేదట. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అన్నారా?

"చెప్పకపోతే నీ సాంచాల మీద వేరేటోన్ని పెట్టాలె రాజేశం. నా చేతుల లేదు" అన్నాడు సేటు. మాట అన్నాక మాత్రం ముఖం చూడలేదు.

ఇంటికి వచ్చి రాజేశం లెక్క వేసుకున్నాడు. యాభై రెండేళ్లు. ఒక చెవి లేదు. నిద్రపోయే మనిషి అన్న పేరు మోసుకుని ఇంకో కార్ఖానాకు పోతే, ఎనిమిది కాదు, రెండు సాంచాలైనా ఇస్తారా? ఒప్పుకుంటే మాత్రం ఏమవుతుంది? తన నోటితో తనే ముప్పై మూడేళ్లనూ కాలవలో కలిపినట్టు అవుతుంది. శాంతాబాయికి అంతా చెప్పాడు.

"నీ ఇష్టం. ఉన్నా తిందాం, లేకున్నా సూద్దాం" అంది ఆమె. "గని లేని జొరానికి గోలీ నేను తేను."

మర్నాడు పొద్దున్నే హరీశ్ వచ్చాడు. వెనకాల సాంచాలు నడుస్తూ ఉంటే బాగుంటుందని రాజేశాన్ని కార్ఖానా మధ్యలోనే నిలబెట్టాడు. మోతలో మాట వినపడదు కదా అని రాజేశమే అతని చెవిలో అరిచి అడిగాడు. ఫరవాలేదు, కింద అక్షరాలు నేనే వేసుకుంటానని హరీశ్ అతని ఎడమ చెవిలో నోరు పెట్టి అరిచి చెప్పాడు. తర్వాత వెనక్కి జరిగి ఫోన్ ఎత్తాడు.

రాజేశం కెమెరాలోకి చూశాడు. దూరంగా ఉన్న సాంచా దగ్గరి మనిషికి చెప్పేటట్టు, ఒక్కో మాటా హిందీలో తీరిగ్గా పలికాడు. కార్ఖానా భాష అదే మరి. పలికింది సేటు చెప్పమన్న మాట కాదు. పది సెకన్లు అన్నారు, నలభై సెకన్లు మాట్లాడాడు. హరీశ్‌కు ఒక్క ముక్క వినపడలేదు. మూతి కదిలింది, అతనికి అది చాలు. బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ సేటు మాత్రం మొదటి మాట నుంచి చివరి మాట దాకా రాజేశం మూతి వంకే చూశాడు. చూసి, పక్కనున్న గుడ్డ తాను ఒకటి చేతిలోకి తీసుకుని అంచు పరీక్షించడం మొదలుపెట్టాడు. ఒక్క మాట అంటే ఆగిపోయేది. అనలేదు.

సాయంత్రానికి వీడియో వచ్చింది. కింద అక్షరాలు: ‘నాకు జ్వరంగా ఉంది. కన్ను అంటుకుంది. తప్పయింది, మన్నించండి.’

వాదించుకునే రెండు పక్షాలకూ కడుపు నిండింది. నేరం ఒప్పుకున్నాడు కాబట్టి రాయితీ తీసేయాలన్నారు వీళ్లు. నిజాయితీపరుడు కాబట్టి ఉంచాలన్నారు వాళ్లు. మరమగ్గాల కార్మికులకు పరుపులు ఇప్పించాలని ఒక మహానుభావుడు సంతకాలు పోగు చేయడం మొదలుపెట్టాడు. పరుపులట! ఇంట్లో ఆ మాట విని రాజేశం ఫోన్‌ను కూతురి చేతిలోంచి లాక్కుని బోర్లించాడు.

కానీ భివండీలో ఆ వీడియోను అక్షరాల కోసం ఎవరు చూస్తారు? గైబీ నగర్ టీ బండ్ల దగ్గర కారీగర్లు, అంటే సాంచాల పనివాళ్లు, గుంపులుగా చేరి రాజేశం మూతి చూశారు. ఫోన్‌లో మోత తప్ప ఏమీ లేదు, వాళ్లకు మోత అడ్డం కాదు. ఒక్క చూపులో అంతా అర్థమైంది. రాసింది వేరు, ఆయన చెప్పింది వేరు అని వందల మంది కింద రాశారు. మాలేగావ్ నుంచి రాశారు, సిరిసిల్ల నుంచి రాశారు. హరీశ్ వాటిని చూసి, ఏదో పార్టీ ఆఫీసులో కూర్చుని పనిగట్టుకుని రాయిస్తున్నారని అభిప్రాయపడి, అందరినీ బ్లాక్ చేశాడు.

తెల్లారి ఎనిమిదిన్నరకు కాశీనాథ్ సేటు కార్ఖానాలో మోత ఆగిపోయింది. కరెంటు పోలేదు. కారీగర్లు నలుగురే, నలుగురూ కలిసి ముప్పై రెండు సాంచాలూ ఆపారు. సేటు పరుగెత్తుకుంటూ వచ్చాడు, వెనక హరీశ్.

"సేటూ, మీరు గూడ సాంచాల మీద పని జేసినోళ్లే" అన్నాడు భూషణ్. "మొన్న ఆరో సాంచా పట్టీ తెగి ఉంటే పోయేది నా కన్ను. రాజేశమన్న ఫోన్ల ఏమన్నడో మీ నోటితోని జెప్పుండ్రి. గా అచ్చరాలు వద్దు."

"అక్షరాలు కరెక్టే గదా?" అన్నాడు హరీశ్, బాబాయి వైపు తిరిగి.

అంత నిశ్శబ్దం ఆ గోడలు ఎప్పుడు విన్నాయో. సేటు గొంతు సవరించుకున్నాడు. నేల చూస్తూ, అందరికీ తెలిసేలా హిందీలోనే, రాజేశం అన్నదాన్ని తిరిగి అన్నాడు. నేను నిద్రపోలేదు. పట్టీ తెగబోతుంటే చేత్తో విన్నాను. వెళ్లి సాంచా ఆపాను. ఆపింది మీకు చూపించలేదు. నాకు జ్వరం లేదు, నేను మాఫీ అడగను. అక్కడికి వచ్చి ఆగాడు.

"ఇంకోటి ఉన్నది సేటూ" అన్నాడు రాజేశం.

"ఇది మా సేటుకు తెలుసు" అన్నాడు సేటు. ఆ ముక్క అందరికీ వినిపించింది.

హరీశ్ ముఖం మాడిపోయింది. "నాకు వినవడలే కాకా" అన్నాడు రాజేశంతో.

"వినవడకపోతే అడగాలె గద. నీ పక్కనే ఉంటి గదరా!"

ముప్పై మూడేళ్లలో రాజేశం ఆ ఇంటి మనిషిని ‘రా’ అనడం అదే మొదలు.  సేటు హరీశ్ చేత ఫోన్ తీయించి, రెండు వీడియోలూ తన ముందే తీసేయించాడు. రాజేశం వెళ్లి తన సాంచాలు ఒక్కొక్కటే మొదలుపెట్టాడు. పని పోకుండా మిగిలింది.

అయితే ఫోన్‌లో తీసేసింది లోకంలోంచి పోతుందా? అప్పటికే ఎవరెవరో దించుకుని ఎక్కడెక్కడికో పంపేశారు. ఆదివారం శాంతాబాయితో ధామన్‌కర్ నాకా దగ్గర ఆటో ఎక్కాడు రాజేశం. డ్రైవరు అద్దంలో రెండుసార్లు చూసి ఆనవాలు పట్టాడు. మంచివాడే. ప్రేమగానే అడిగాడు.

"చచా, అబ్ నీంద్ పూరీ హోతీ హై న?"

ఇప్పుడన్నా నిద్ర సరిపోతోందా అని. శాంతాబాయి భర్త చెయ్యి పట్టుకుంది, పోనీలే అన్నట్టు. రాజేశం చెయ్యి విడిపించుకున్నాడు. ఇంజను ఆపమన్నాడు. నాకా కూడలి నడిబొడ్డున, వెనక లారీలు హారన్లు కొడుతుండగా, డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ట్రాఫిక్ పోలీసు ఈల వేసుకుంటూ వచ్చాడు. అతణ్నీ నిలబెట్టి చెప్పాడు. చెప్పడం పూర్తయ్యేదాకా ఇద్దరినీ కదలనివ్వలేదు.