తలుపు వెనక బెల్టు

ఆ, ఎక్కడ ఆపాను? మా కాకి పైనుంచి పడిన దగ్గర కదూ. కాకి అంటే పక్షి కాదండోయ్, నా దగ్గర ఐదో తరగతి చదివిన పిల్లాడు. బెంచీ మీద తక్కువ, కిటికీ మీద ఎక్కువ కనిపించేవాడు, అందుకని క్లాసంతా ఆ పేరు పెట్టింది. పెద్దయ్యాక ఎత్తు మేడలకి రంగులేసే పనిలో చేరాడు. నేల మీద నిలిచే రకమా వాడు.

పోయినేడు పై అంతస్తులో వాడు నిలబడ్డ ఊయల పలక తాడు తెగింది. నడుముకి పడకుండా కాపాడే బెల్టయితే ఉంది గానీ దాని కొక్కెం దేనికీ తగిలించలేదు, మతిమరుపు మహారాజు. పడుతూ పడుతూ ఉంటే ఆ కొక్కెమే పోయి గోడలోంచి పొడుచుకొచ్చిన ఇనప ఊచకి తగులుకుంది.

"నేను చెయ్యి కూడా చాపలేదు టీచరుగారూ. కళ్ళు మూసుకున్నానంతే. పట్టుకున్నది ఆ దేవుడే," అన్నాడు ఆసుపత్రి మంచం మీద.

చర్చి గోడకి రంగేశాడే గానీ లోపల అడుగుపెట్టని మనిషి, బాప్తిస్మం తీసుకున్నాడు. ఆదివారం ఆదివారం చర్చిలో నిలబడి తనకి జరిగింది సాక్ష్యంగా చెప్పేవాడు. "పాపంలోంచి నన్ను లాగింది కూడా అలాగే. నాదేం లేదు. మహిమంతా దేవుడిది." వింటుంటే నాకు ఒళ్ళు జలదరించేది.

జనం ఊరుకుంటారా? నీ విశ్వాసం గొప్పదంటూ పిల్లల తల మీద చెయ్యి పెట్టమనేవాళ్ళు కొందరు. బెల్టు గట్టిది కాబట్టి బతికావని నవ్వేవాళ్ళు కొందరు. వాడు లోలోపల నలిగిపోయాడు.

ఇవాళ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు వెనక మేకుకి బెల్టు వేలాడుతోంది. దాని నిండా దుమ్ము. వాడేమో రోజూ పనికి వెళ్తూనే ఉన్నాడు. నేను టీ గ్లాసు పక్కన పెట్టేశాను.

"ఏరా, కొత్త బెల్టు కొన్నావా?"

"లేదండీ. అది కట్టుకున్నంత కాలం సగం మహిమ దానికే పోతోంది."

వాళ్ళావిడ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "మీరైనా చెప్పండి టీచరుగారూ. రేపు పొద్దున్నే నీళ్ళ ట్యాంకు ఎక్కుతారట. ఈ గాలి చూశారా?" తర్వాత వాడి వైపు తిరిగింది. "బెల్టు లేకుండా ఎక్కితే కింద జనం చూసేది దేవుణ్ణా, మిమ్మల్నా?"

వాడు గోళ్ళలో ఎండిన రంగు గీక్కుంటూ నవ్వాడు. కోపమొచ్చినా బాగుండేది. ఆ నవ్వే నన్ను భయపెట్టింది. గాలికి తలుపు ఊగినప్పుడల్లా కొక్కెం చెక్కకి కొట్టుకుంటోంది, టక్కు టక్కుమని. జాగ్రత్తరా అని మాత్రం చెప్పి లేచి వచ్చేశాను.

అనాల్సిన మాట ఇంటికొచ్చాక తట్టింది. ఒరే, నీ కోసం ఆయన సిలువ మీద ప్రాణమే ఇచ్చాడు. ఆ మహిమకి ఏం తక్కువైందని నీ ప్రాణం తీసుకెళ్ళి కలుపుతావు? పడేటప్పుడు నేనేం చెయ్యలేదన్నావే, మరి ఇప్పుడు బెల్టు విప్పేసి ఆయన మహిమకి నువ్వెందుకు సాయం చెయ్యబోతున్నావు?

నా కిటికీ రెక్కలు కూడా కొట్టుకుంటున్నాయి. వాడింకా పడుకుని ఉండడు. ఫోను పక్కనే ఉంది, ఇదిగో, ఇప్పుడే చేస్తాను. వాడు ఎత్తకపోతే ఆవిడకి చేస్తాను.