రెండో ట్రిప్పు

నిన్న పొద్దున వాకిట్లో కూర్చుని విత్తనం చెనక్కాయలు వలుస్తుంటే, నాతో కలిసి పనిచేసిన పాత ఇంజనీరు ఒకాయన బొంబాయి నుంచి ఫోను చేసి, మనం ఆ కాలంలో సముద్రం నడుమ నిలబెట్టిన చమురు ప్లాట్‌ఫారం ఇన్నేళ్లయినా చెక్కుచెదరలేదమ్మా, దాని గురించి సభ పెడుతున్నారు, మీకు శాలువా కప్పుతారట అని సంబరంగా చెప్పుకుపోయినాడు. నాకు ఒళ్లు మండింది. ఆ శాలువా మీరే కప్పుకోండి అని ఫోను పెట్టేసినాను. ఆయన మంచివాడే పాపం, కానీ ఆ ప్లాట్‌ఫారం మాటెత్తితే ఈ వయసులో కూడా నా నోరు నా మాట వినదు.

మాది బత్తలపల్లె పక్కన మెట్టసేద్యం ఇల్లు. డెబ్భైల మొదట్లో ఆడపిల్లకు ఇంజనీరింగేమిటని ఊరంతా బుగ్గలు నొక్కుకున్నా, నాయన పట్టుబట్టి నన్ను అనంతపురంలో చదివించినాడు. ఆ చదువు తీసుకుపోయి నన్ను బొంబాయిలో, సముద్రం మీద చమురు తీసే ప్లాట్‌ఫారాలకు డిజైన్లు వేసే ఆఫీసులో పడేసింది. సముద్రమనేదాన్ని నేను చూసింది అప్పుడే. ఇంతలో ఇక్కడ వానలు ముఖం చాటేసి, చెనక్కాయ పైరు వరసగా మాడిపోతుంటే, మా తమ్ముడు కూడా నా వెనకాలే వచ్చి, ఒక కంట్రాక్టరు కింద ప్లాట్‌ఫారాల మీద తుప్పు గీకి రంగు వేసే కూలీగా చేరినాడు. అట్లా మేమిద్దరం ఒకే సముద్రం పెట్టిన తిండి తిన్నాం, నేను చల్లని గదిలో కాగితం మీద, వాడు ఎండలో ఇనుము మీద.

మా పనిలో సేఫ్టీ ఫ్యాక్టర్ అని ఒకటుంటుంది. ఇంటికి పదిమంది వస్తారని తెలిస్తే మా అమ్మ పదిహేను మందికి ఎసరు పెట్టేది చూడండి, అదే అది. ఎంత పెద్ద అల రావచ్చో, ఎంత గాలి వీయవచ్చో అంచనా కట్టి, ఇనుము అంతకంటే ఎంత ఎక్కువ ఓర్చుకోవాలో ముందే తేల్చి పెట్టుకోవడం. ఎక్కువ పెడితే ఇనుము ఖర్చు, తక్కువ పెడితే ప్రాణాలతో చెలగాటం. అందుకే మనుషులుండే ప్లాట్‌ఫారానికి గట్టి లెక్క, మనుషులుండని దానికి కొంచెం తేలిక లెక్క పెట్టేవాళ్లం. ఎనభైల నడుమ ఒక కొత్త ప్లాట్‌ఫారానికి మా పై అధికారి డిజైన్ మొదట్లోనే ఒక మాట రాయించినాడు: తుఫానుకు ముందే అందరినీ హెలికాప్టర్‌లో ఒడ్డుకు చేరుస్తారు గనుక, తుఫాను లెక్కకు దీన్ని మనుషులు లేనిదానిగా తీసుకోవచ్చునని. ఆ ఒక్క మాటతో బోలెడంత ఇనుము మిగిలింది, కంపెనీవాళ్లు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు.

ఆ ఎండాకాలం అక్కాతమ్ముళ్లం ఇద్దరం సెలవు మీద ఊరికి వచ్చినాం. సంగటిముద్దలో ఊరిబిండి నంజుకుంటూ, ఏదో తిరునాళ్ల ముచ్చట చెప్పినట్టు నవ్వుతూ చెప్పినాడు వాడు, పోయిన తుఫానుకు తాను పాత ప్లాట్‌ఫారం మీద ఎట్లున్నాడో. "సార్లనంతా ముందు ఎక్కించుకోని పోయినారక్కా. మీకు రెండో ట్రిప్పప్పా అన్యారు. ఆ రెండో ట్రిప్పు గాలీవానా అంతా పోయినాక వచ్చింది." అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది, నాయన చెయ్యి కడుక్కుని బయటికి పోయినాడు, వాడు మాత్రం ఇంకో ముద్ద పెట్టమన్నాడు. అందరినీ చేరుస్తారు గనుక అని రాసిన ఆ దొంగమాటే నా కళ్ల ముందు ఆడుతూ ఉండింది.

బొంబాయి తిరిగి పోయినాక నేరుగా ఆ అధికారి గదిలోకే పోయినాను. ఆయన నా మాటంతా విని నవ్వి, మీది కరువు జిల్లా కదమ్మా, వాన ముఖం చూడనివాళ్లు తుఫాను గురించి చెబితే ఎట్లా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా దగ్గర వాన రాక రాక వచ్చి ఒక్కపూటలో చెరువుకట్ట తెంపుకుని పోతుంది సార్, రాదులే అని నమ్ముకున్నవాడి కొంప మునిగేది మా సీమలోనే అన్నాను. అంతటితో ఊరుకోక, కంపెనీవాళ్లు కూర్చున్న మీటింగులో లేచి నిలబడి, రెండో ట్రిప్పు తప్పకుండా వస్తుందని మీలో ఎవరైనా ఒకరు సంతకం పెట్టండి, నేను డిజైన్ మీద పెడతాను అని అడిగినాను. ఒకాయన టీలో చక్కెర కలపడం మొదలుపెట్టినాడు, ఒకాయనకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. సంతకం పెట్టిన మగవాడు ఒక్కడు లేడు. గొణుక్కుంటూనే మనుషులుండే లెక్కకు ఒప్పుకున్నారు. ఇనుము పెరిగింది, నా ప్రమోషన్ పోయింది, పోతే పోనీ అనుకున్నాను.

ఆ కొత్త ప్లాట్‌ఫారం సముద్రంలో నిలబడినాక తమ్ముడి వెంటబడి, పాతదాన్ని వదిలి దీని మీదికి మారమని పోరినాను. మారినాడు. "ఇది మా యక్క లెక్కేసింది, యాటికీ పోదు" అని కూలీలందరికీ చెప్పుకునేవాడట.

మళ్లీ తుఫాను వచ్చింది, మళ్లీ సార్లు ముందు పోయినారు, రెండో ట్రిప్పు మళ్లీ రాలేదు. ప్లాట్‌ఫారం ఒక్క అంగుళం కదలలేదు. కానీ కూలీలు పడుకునేది నేను లెక్క వేసిన గదుల్లో కాదని నాకెవరు చెప్పినారు? ఆ గదులు సార్లవి. పోతూ పోతూ తాళాలు వేసుకుని మరీ పోయినారు. కూలీల కోసం కంట్రాక్టరు డెక్కు మీద తాత్కాలికమని ఒక రేకుల షెడ్డు కొట్టించినాడు. ఆ షెడ్డు నా డ్రాయింగులో లేదు, ఎవరి డ్రాయింగులోనూ లేదు. గాలి దాన్ని పెరికి సముద్రంలోకి విసిరేసింది, అందులో ఉన్న నా తమ్ముడితో సహా.

నిర్మాణానికి నష్టమేమీ లేదని ఆఫీసుకు కబురు వచ్చింది. మా అధికారి మిఠాయి పంచినాడు. నిజంగా పంచినాడండీ, ఆ చేతులు పడిపోను! నేను ఆ డబ్బాను ఆయన బల్ల మీదే బోర్లించి, ఉద్యోగానికి నీళ్లు వదులుకుని ఊరికి వచ్చేసినాను. శవం దొరకలేదు, వాడి చొక్కా ఒకటి పెట్టి కర్మ చేసినాం. నాయన ఒకరోజు ఎండిన బావి గట్టు మీద కూర్చుని, ఆడ అన్ని నీళ్లుండాయా పాపా అని అడిగినాడు.

ఇప్పుడు కాలం మారింది, కాదనను. మేము నెలల తరబడి కుస్తీ పట్టిన లెక్కలు కంప్యూటరు క్షణంలో తేలుస్తుంది, నియమాలు కూడా మా నాటికంటే గట్టివి. వానలు మాత్రం మారలేదు, అందుకే మా ఊరి పిల్లలు బెంగళూరు పోయి మేడలు కడుతున్నారు. భూకంపం వచ్చినా పడవట అవి, గొప్పగా చెబుతారు. వాళ్లు పండక్కి వస్తే నేను జీతమెంతని అడగను, పెళ్లెప్పుడని అడగను. రాత్రిపూట యాడ పండుకుంటాండారురా అని అడుగుతాను. ఈ ముసల్దానికి ఇదేం పిచ్చో అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుతారు.

షెడ్డులోనే అవ్వా అంటారు.