రైసినా గుట్ట కింద గుండుసూది మనిషి

2011 వసంతంలో న్యూఢిల్లీ నమూనాని నేను అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో ఒక గరాజ్‌లో కట్టాను. పొడవు ఆరడుగులు, వెడల్పు రెండున్నర. మాస్టర్స్‌లో నగర ప్రణాళిక కోర్సుకు చేసిన ప్రాజెక్టు అది. నా అపార్ట్‌మెంట్‌లో అంత బల్ల పట్టదని తెలిసి, గుడిలో పరిచయమైన ఒక ఆంటీ, అంకుల్ తమ గరాజ్ ఇచ్చారు. దాంతో అంకుల్ కారు బయటికి వెళ్లింది. సరిగ్గా అదే నెలలో అక్కడ పైన్ చెట్ల పచ్చటి పసుపు లాంటి పుప్పొడి రాలుతుంది.

"ఏమయ్యా ఇంజినీరూ," అనేవారాయన ఆఫీస్ నుంచి వచ్చి కారు దిగుతూనే, "నా కారు చూశావా? నలుగు పెట్టిన పెళ్లికొడుకులా ఉంది. మీ వైస్రాయ్ గారు ఎప్పుడు ఖాళీ చేస్తారో కొంచెం కనుక్కో."

"మంగళవారం ప్రెజెంటేషన్ అంకుల్. ఆ రోజే తీసేస్తా."

కోర్సులో ఒక్కొక్కరం ఒక్కో రాజధాని ఎంచుకోవాలి. నేను న్యూఢిల్లీ అనగానే మా ప్రొఫెసర్ నవ్వారు. ఆ నగరంలో ఒక ప్రసిద్ధమైన పొరపాటు ఉంది. రైసినా గుట్ట మీద వైస్రాయ్ భవనం, అంటే ఇప్పటి రాష్ట్రపతి భవన్, దాని ముందు రెండు పక్కలా సచివాలయాలు, మధ్యలోంచి కిందికి దిగే రాజమార్గం. ఆ మార్గం మీద నడుస్తూ భవనాన్ని సమీపించేకొద్దీ, గుట్ట అంచు అడ్డొచ్చి భవనం మునిగిపోతుంది. ఆ వాలుకు ఒప్పుకుంటూ సంతకం పెట్టింది భవనం గీసిన వాస్తుశిల్పే. తర్వాత చూసుకుని ఆయన ఎంత పోరాడినా అధికారులు వాలు మార్చలేదు. "భవనం ఎక్కడ మునగడం మొదలవుతుందో నమూనా మీద వేలు పెట్టి చూపించు," అన్నారు ప్రొఫెసర్. "చూపిస్తే నీ థీసిస్‌కి నేనే గైడ్‌గా ఉంటాను." రెండు సెమిస్టర్లుగా నేను అడుగుతున్నది అదే.

పొరపాటు కోసం మొదలుపెట్టినవాణ్ని, పాత మ్యాపులు తిరగేస్తూ ఆ నగరానికి అభిమానినైపోయాను. చోటు వెతకడానికి ఏనుగుల మీద తిరిగారట. మొదట పునాదిరాయి వేసిన చోటు బాగాలేదని మొత్తం ప్రణాళికనే దక్షిణానికి జరిపారు. రాజమార్గాన్ని పాత కోట వైపు గురిపెట్టారు, ఇంకో దారిని జామా మసీదు వైపు. వీధులన్నీ ముప్పై, అరవై డిగ్రీల కోణాలతో త్రిభుజాలు, షడ్భుజాలు. గుట్ట తల పేల్చి చదును చేశారు. రాళ్లు మోయడానికి పని జరిగే చోటికే రైలు పట్టాలు వేశారు. ఏ రోడ్డుకు ఏ చెట్టో ముందే జాబితా రాసుకున్నారు: దీనికి నేరేడు, దానికి వేప, ఇంకోదానికి చింత. రాజస్థాన్ నుంచి, పంజాబ్ నుంచి వచ్చిన రాతిపనివాళ్లు, తట్టలు మోసిన ఆడవాళ్లు దాదాపు ఇరవై ఏళ్లు పనిచేసి దాన్ని నిలబెట్టారు. వాళ్ల పేర్లు మ్యాపుల్లో లేవు, చెట్ల పేర్లు ఉన్నాయి.

నమూనాలో గుట్టను ఫోమ్ బోర్డు పొరలతో కట్టాను. మ్యాపులో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే ఒక్కో కాంటూర్ గీతకు ఒక్కో పొర. భవనాలు విడిగా కోసి పైన పెట్టాను. మనిషి ఎత్తు ఆ స్కేలులో మిల్లీమీటరు కూడా రాదు కాబట్టి గుండుసూది తలే మనిషి. ఆ తల నుంచి వైస్రాయ్ భవనం గుమ్మటం కొసకు కుట్టుదారం బిగించి లాగాలి. దారం గుట్ట అంచుకు తగలకపోతే గుమ్మటం కనిపిస్తున్నట్టు, తగిలితే లేనట్టు. సూదిని అంగుళం అంగుళం జరుపుతూ చూశాను. రోడ్డు ఇంకా చదునుగా ఉన్న చోటే, వాలుకు చాలా ముందే, దారం అంచుకు తగిలింది. అక్కడ ఎర్ర చుక్క పెట్టాను.

శనివారం మధ్యాహ్నం ఆంటీ టీ తెచ్చారు. ఆమె చిన్నతనమంతా ఢిల్లీలోనే. వాళ్ల నాన్నగారు ఏదో మంత్రిత్వ శాఖలో పనిచేసేవారు, ఉండేది గవర్నమెంట్ క్వార్టర్స్‌లో. కప్పు పక్కన పెట్టి వంగి చూశారు.

"ఈ ఎర్ర చుక్క ఏంటి నాన్నా?"

"గుమ్మటం మాయమయ్యేది ఇక్కడే ఆంటీ."

"ఇక్కడా? ఛ, కాదు. ఇంకా ముందుకెళ్లాలి. వాలు మొదలయ్యే విజయ్ చౌక్ దాకా గుమ్మటం అలా కనిపిస్తూనే ఉంటుంది."

"మ్యాప్ చూసి చేశాను ఆంటీ. రెండుసార్లు చెక్ చేశాను."

"మ్యాప్ సంగతి నాకు తెలీదు. నేను నడిచాను. నువ్వు నడిచావా?"

నేను ఢిల్లీలో చూసింది ఎయిర్‌పోర్టు ఒక్కటే.

"చలికాలం ఆదివారాలు పల్లీలు తింటూ వెళ్లేవాళ్లం," అన్నారామె. "విజయ్ చౌక్ దగ్గర మా నాన్న ఆపేవారు. రెండడుగులు ముందుకేస్తే గుమ్మటం దిగేది, రెండడుగులు వెనక్కేస్తే లేచేది. మా తమ్ముడు 'మునిగింది, తేలింది' అని అరిచేవాడు. నీ చుక్క దగ్గర అయితే మేం ఊరికే పల్లీలు తినేవాళ్లం."

ఆమె లోపలికి వెళ్లాక లెక్కల కాగితాలు మళ్లీ తీశాను. తప్పు మూడో పేజీలో, నా దస్తూరీతోనే ఉంది. రోడ్డు డ్రాయింగులు గీసే మా ఇంజినీర్లకు ఒక అలవాటు ఉంటుంది. పొడవుల పక్కన ఎత్తులు మరీ చిన్నగా కనిపిస్తాయి కాబట్టి నిలువు స్కేలు పెంచి గీస్తాం. ఆలోచించకుండానే నేల ఎత్తులు రెట్టింపు చేసేశాను. భవనాలు మాత్రం అసలు స్కేలులో కోశాను. నేల రెట్టింపైతే గుమ్మటం రెట్టింపు దూరం నుంచే మాయమవుతుంది. వాస్తుశిల్పి చేయని తప్పు కూడా ఆయన మీద వేశాను.

దిద్దడానికి రెండు దారులు. ఒకటి, భవనాలనూ సూదినీ కూడా రెట్టింపు చేయడం. గంట పని, దారం లెక్క సరిపోతుంది. కానీ అంత కొలత చూసి కట్టిన భవనాలు పొగగొట్టాల్లా నిలబడతాయి. రెండోది, గుట్ట మొత్తం ఊడదీసి సగం మందం బోర్డుతో మళ్లీ కట్టడం. రెండు రోజుల పని. మిగిలినవి మూడు రోజులు.

రెండోదే పట్టుకున్నాను. పాత పొరలనే అచ్చుగా పెట్టి కొత్తవి కోయాలి, కానీ జిగురు గట్టిగా పట్టేసి అవి విరుగుతున్నాయి. ఆంటీ వంటింట్లోంచి అట్లకాడ తెచ్చారు. "దోసె తిప్పినట్టు అంచులు ముందు లేపాలి. జరుగు." ఆమె చేతిలో పొర చిరగకుండా లేచింది. గుట్టలో సగం ఆమే ఊడదీశారు.

"ఇవాళ దోసెలకి ఇదే అట్లకాడా?" అన్నారు అంకుల్ తలుపు దగ్గర నుంచి.

"తోమి వేస్తాలెండి. రాజధానిని లేపిన అట్లకాడతో దోసె మీకెవరు వేసి పెడతారు?"

సోమవారం సాయంత్రానికి గుట్ట లేచింది. సూదిని ఇండియా గేట్ దగ్గర గుచ్చి దారం లాగాను. తగల్లేదు. జరుపుకుంటూ వచ్చాను. తగల్లేదు. సరిగ్గా వాలు మొదలయ్యే చోట దారం గుట్ట అంచును రాసుకుంది. ఆంటీ వంగి, బల్లకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి చూశారు.

"మునిగింది," అన్నారు మెల్లగా. సూదిని వెనక్కి జరిపాను. "తేలింది."

మంగళవారం ప్రొఫెసర్ దారం కొస నా చేతిలోంచి తీసుకుని తనే లాగి చూశారు. తర్వాత రిపోర్టులో ఆధారాల జాబితా దగ్గర ఆగారు. మొదటిది పాత మ్యాపు, రెండోది కాంటూర్ గీతలు, మూడోది 'చిన్నప్పుడు ఆ దారిలో నడిచిన మనిషి'. నేల రెట్టింపు చేసిన సంగతి, ఊడదీసిన సంగతి కూడా చెప్పాను.

"మొదటి నమూనాతో ఇక్కడికి వచ్చి ఉంటే నేను పట్టుకునేవాణ్ని కాదు," అన్నారాయన. "నేనూ అక్కడ నడవలేదు." గైడ్ ఫారం మీద సంతకం పెట్టి, ఆంటీని క్లాసుకు తీసుకురమ్మన్నారు.

సాయంత్రం ఆమెకు చెబితే, "ఇంగ్లీషులో నేనేం చెప్తాను నాన్నా?" అన్నారు. మళ్లీ తనే, "పల్లీలు తేవచ్చా?" అని అడిగారు.